వంతెన అవతల రెండు పొగలు

పాండురంగ ఆవలించాడంటే సగం ఊరు ఆవలించినట్టే. అతను పళ్లు తోముకుంటే సగం ఊరు తోముకున్నట్టు, అతనికి జలుబు చేస్తే సగం ఊరు మంచం పట్టినట్టు. అంతటి మనిషి కెనడా దేశం మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడని ఎవరితోనైనా పందెం కాయవచ్చు. ఆ జనవరి ఉదయం ఆ సగం ఊరూ ఉన్ని టోపీని చెవుల కిందికి లాక్కుని, కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, బూడిద కింద మిగిలిన రాత్రి నిప్పును ఊదుతోంది.

నిప్పు రాజుకుంది. పాండురంగ మోకాళ్లు పట్టుకుని లేచాడు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. కుడిచేతి చివరి రెండు వేళ్లూ ఎప్పుడో బండ కింద నలిగి, ఏదో పట్టుకోబోయి ఆగిపోయినట్టు వంగి ఉంటాయి. ఆ వంగిన వేళ్లతోనే కిటికీ అద్దం మీది మంచు గీకి, రోడ్డుకు ఆ పక్కనున్న ఇంటి పొగగొట్టం వైపు చూశాడు. దారం వదిలినట్టు సన్నగా పొగ లేస్తోంది.

“ఉండాదిలే,” అన్నాడు. రోజూ అతని నోటినుంచి వచ్చే మొదటి మాట అదే.

బయట లోయ లేదు. కింద ఉండాల్సిన నది, రైలు పట్టాలు, మూతపడిన కోతమిల్లు అన్నీ మబ్బులో మునిగిపోయి, ఈ వాలు ఒక్కటే పైకి తేలి ఉంది. నిటారు కప్పుల ఇళ్లు పదో పన్నెండో పాల మీద మీగడ తరకల్లా నిలబడి ఉన్నాయి. అడుగు వేస్తే చప్పుడు లేదు. చప్పుడును కూడా మంచు మింగేసి, ఏమీ ఎరగనట్టు తెల్లగా చూస్తోంది.

సగం ఊరని గొప్పగా చెప్పుకున్నాం గాని, దాచడమెందుకు, ఒబర్‌మాట్ జనాభా ఇద్దరు. ఒకడు పాండురంగ. రెండోది ఆ దారంపొగ ఇంటి రోజ్‌లీ. కాబట్టి పందెం రద్దు.

ఎప్పుడూ ఇద్దరే అనుకోకండి. నూరేళ్ల పైమాట, రైలెక్కి వచ్చే దొరలకు కొండలెక్కడం నేర్పడానికి స్విట్జర్లాండు నుంచి గైడ్లను పిలిపించారు. వాళ్లు భార్యల్నీ ఆవుల్నీ తెచ్చుకుని, తమ దేశపు వాలులాంటిదే ఒక వాలు చూసుకుని, అక్కడే ఊరు కట్టుకున్నారు. ఉచ్చదశలో అక్కడ మూడు వందల పొగలు లేచేవట. మూడు వందలు ఉండవులెండి, తొంభై అనుకోండి. ఒక ఏడు చలి ఎంత ముదిరిందంటే, గొట్టంలోంచి వచ్చిన పొగ వచ్చినట్టే గడ్డకట్టి నిలబడిపోతే, మగవాళ్లు కప్పులెక్కి రంపాలతో కోసి కింద పడేశారట. ఇది రోజ్‌లీ చెప్పింది. రోజ్‌లీకి ఆమె తాత చెప్పాడు. తాతకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

ఒబర్‌మాట్ వాళ్లకు జనాన్ని తలలతో లెక్కపెట్టే అలవాటు లేదు. పొగలతోనే. పొద్దున్నే ప్రతివాడూ పక్కింటి గొట్టం వైపు చూడాలి. పొగ లేకపోతే వెళ్లి తలుపు తట్టాలి. ఊరు ఖాళీ అవుతూ వచ్చినా ఆ అలవాటు పోలేదు. మిల్లు మూతపడి కింది ఊరు మిల్‌క్రాసింగ్ కూడా చిక్కిపోయాక, రెండు ఊళ్లూ ఒకే మున్సిపాలిటీ కావాలని ప్రభుత్వం నుంచి ఒత్తిడి వచ్చింది. నూరేళ్లుగా ఒకళ్ల పాలు ఒకళ్లు కొనని ఊళ్లు. అయినా కలిశాయి. పైఊరివాళ్లు పెట్టిన షరతు ఒక్కటే: వంతెన అవతల రెండు పొగలు లేస్తున్నంతకాలం చలికాలమంతా రోడ్డు మీద మంచు తీయించాలి. రెండుకు తగ్గితే వంతెన దగ్గర గేటు దించేయవచ్చు. గేటు పడితే పైన ఎవరూ ఉండకూడదు.

సంతకాలయ్యేనాటికి ఏడు పొగలుండేవి. పోయినవాళ్లు పోగా, పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు వెళ్లగా, రోజ్‌లీది ఒక్కటే మిగిలింది. అప్పుడు పాండురంగ కింది ఊళ్లో, మోటెల్ లాండ్రీ వెనక గదిలో ఉండేవాడు. మున్సిపాలిటీలో రోడ్డు మీది మంచు తోసే బండి, స్నోప్లౌ తోలేవాడు. ఒకరోజు రోడ్డు చివర బండి తిప్పుకుంటుంటే రోజ్‌లీ గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపింది. ఎదురిల్లు ఖాళీగా ఉందనీ, అద్దె అక్కర్లేదనీ, రోజూ పొయ్యి వెలిగిస్తే చాలనీ చెప్పింది. “ఒక పొగ తక్కువైంది. వస్తావా?” అంది.

బేతంచెర్ల బండల గనిలో అతను దిగినప్పుడు ముప్పైమంది కూలీల్లో ఒకడు. ఖతార్‌లో రోడ్లు చదునుచేసే గ్రేడర్ నడిపినప్పుడు ఒక మంచం నంబరు. కెనడా వచ్చాక సస్కటూన్ దగ్గర ఎరువుల గోడౌన్‌లో చొక్కా మీద కుట్టిన వేరేవాడి పేరు. పెళ్లి ఈ కాంట్రాక్టు అయ్యాక, ఆ కాంట్రాక్టు అయ్యాక అంటూండగా, చూసిపెట్టిన పిల్లకు పిల్లలు పుట్టి వాళ్లు బళ్లో చేరారు. ఎక్కడా అతను లేకపోతే ఆగిన పని లేదు. తను ఉంటేనే లెక్క సరిపోతుందని ఒక మనిషి అనడం అదే మొదలు. ఆ వారమే గుడ్డసంచీతో పైకి వచ్చేశాడు. అప్పట్నుంచి అతని బతుకు ఒక తమాషా చక్రం. రోడ్డు మీద మంచు తీయడానికి కిందికి పోవాలి, కిందికి పోవాలంటే ముందు రోడ్డు మీద మంచు తీసుకోవాలి.

ప్లౌ ఇంజను వేడెక్కేలోగా, రోజూలాగే రోజ్‌లీ తలుపు తోసుకుని లోపలికెళ్లి కట్టెలు పడేశాడు. ఆమె కిటికీ పక్క కుర్చీలో ఉంది. తొంభై దాటిన మనిషి, ఎండిన ఆప్రికాట్ లాంటి ముఖం. అందులో నీలం కళ్లు మాత్రం నిన్న పెట్టినట్టు ఉంటాయి. ఊపిరి ఈలలా వస్తోంది. డాక్టరుకు చెబుదామా అంటే చెయ్యి విసిరేసింది. ఆమె స్విస్ జర్మన్ కలిపిన ఇంగ్లీషు, అతను బేతంచెర్ల కలిపిన ఇంగ్లీషు మాట్లాడేవారు. అర్థం కాని చోట ఎవరి భాష వాళ్లు మాట్లాడుకున్నా జవాబులు మాత్రం సరిగ్గానే వచ్చేవి. అతను అవ్వా అంటే అదేదో బిరుదనుకుని, కింది ఊళ్లో అందరికీ చెప్పుకుంది.

“మున్సిపాలిటీవాళ్లు లెక్క చూడ్డానికొచ్చేది ఈరోజేనా, రంగా?”

“ఈ పొద్దే అవ్వా. పొయ్యి ఆరిపోనీయాకు.”

“ఆరితే?”

“ఆరితే ఈ రాత్రికే గేటు దించేస్తారు. నిన్ను కింది వృద్ధాశ్రమానికి తోలుకపోతారు.”

ఆమె చర్చి ఉన్న వైపు చూసింది.

“బతికుండగా తీసుకుపోతే పారిపోయి వస్తాను. పోయాక తీసుకుపోతే ఎట్లా? మిల్లువాళ్ల మధ్య పడుకోవాలి. అటొకడు, ఇటొకడు. బతికున్నప్పుడే వాళ్ల గురక ఇక్కడిదాకా వినబడేది.”

ఆమె బెంగంతా అదే. చలికాలంలో నేల గడ్డకట్టి పలుగు దిగదు. పైఊళ్లో పోయినవాళ్లను చర్చి వెనక రాతిగదిలో పడుకోబెట్టి, మట్టి మెత్తబడ్డాక అక్కడే పూడుస్తారు. ఆమె అమ్మ, నాన్న, మొగుడు అందరూ ఆ గదిలో చలికాలం గడిపినవాళ్లే. గేటు పడితే ఆ గదీ లేదు, ఆ శ్మశానమూ లేదు. ఆ ఏడు ఎవరు పోయినా కింది ఊరి మట్టే.

“నేనుండాను గదా,” అన్నాడు పాండురంగ. అంతకంటే పెద్దమాట అతనికి రాదు.

బ్లేడు దించి వంపులన్నీ చుట్టుకుంటూ మబ్బులోకి దిగాడు. రెండు పక్కలా మంచు, నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా పక్కకు దొర్లుతోంది. అలాంటప్పుడు పాండురంగ ఏమీ ఆలోచించడు. గని గోతిలో తెల్లబండలు పొరలుపొరలుగా లేవడం కళ్లముందు కదులుతుంది. బండలు మంచవుతాయి, మంచు బండలవుతుంది, మధ్యలో తనొక్కడే బ్లేడు పట్టుకుని ఏ దేశంలో ఉన్నాడో తెలియకుండా సాగిపోతుంటాడు.

మున్సిపల్ ఆఫీసులో సుధామయి ఉంది. కరీంనగర్ పిల్ల. చదువుకోవడానికి వచ్చి, పర్మిట్ కోసం ఎవరూ రాని ఈ ఊళ్లో ఉద్యోగానికి అప్లై చేసి కుదురుకుంది. అతనికి టీ ఇచ్చి గొంతు తగ్గించింది.

“లంచ్ అయినంక ముగ్గురొస్తున్నరు అంకుల్. బ్రిడ్జి కాడ నిలబడి చూస్తరట. ఫొటోలు తీసే డ్యూటీ నాది.”

“రెండు కనపడితే చాలు గదమ్మా?”

“చాలు. కాని ఒకాయనకు డౌటు. మీరు అక్కడ ఉంటలేరు, ఉత్తగనే పొయ్యి వెలిగిచ్చి వస్తున్నరని.”

“మనిషి లేని ఇంట్లో పొయ్యి వెలిగించేంత పనిలేనోడు యాడుంటాడు తల్లీ,” అని నవ్వి, టీ తాగేసి వెళ్లిపోయాడు.

మిల్‌క్రాసింగ్ వీధులకు ఇసుకా ఉప్పూ చల్లాడు. బడి ముందు, ఆస్పత్రి ముందు, మూతపడిన మిల్లు ముందు కూడా. మిల్లు ముందు ఎందుకని ఎవరూ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. పెరుగన్నం డబ్బా తెరవకుండానే పైకి బయలుదేరాడు. తన పొయ్యిలో ఇంకో మొద్దు వేయాలి, అవ్వ పొయ్యిలో ఇంకోటి.

మబ్బు దాటి పైకి తేలగానే ఎదురుగా ఊరు కనబడింది. ఒక్క పొగ. అతనిదే.

బండి రోడ్డు మధ్యలోనే ఆపి దిగాడు. తలుపు తట్టలేదు, తోసుకుని అవ్వ ఇంట్లోకి వెళ్లాడు. పొయ్యి గాజుతలుపు వెనక బూడిద తెల్లగా ఉంది. రోజ్‌లీ వంటబల్ల దగ్గర కూర్చుని ఉంది. గడ్డం గుండెల మీదికి వాలి, ఎవరో మెల్లగా చెబుతున్నది వింటున్నట్టుంది. మధ్యాహ్నానికి దుంపలట్టు వేద్దామనుకున్నట్టుంది, కత్తి ఒళ్లోకి జారిపడి ఉంది. పాండురంగ వంగి, వంకర వేళ్లు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు. తర్వాత ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఫోను జేబులోనే ఉంది. ఇప్పుడు చెబితే, వంతెన దగ్గరికి వస్తున్నవాళ్లకు దారిలోనే కబురందుతుంది. వాళ్లు ఒక పొగ చూసుకుని గేటు దించేస్తారు. సాయంత్రానికి అవ్వ మిల్లువాళ్ల మధ్య ఉంటుంది.

లేచి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది ఆరింది. మూడోది అందుకుంది. ఊదాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా ఊదాడు. పొగ కదా, వస్తాయి.

“గురక పెట్టుకోనీలే అవ్వా ఆ మిల్లోళ్లను, యాడుండేవాళ్లను ఆడనే,” అన్నాడు పొయ్యిలోకి చూస్తూనే.

కిటికీలోంచి వంతెన కనబడుతోంది. నల్లకారు వచ్చి ఆగింది. ముగ్గురు దిగారు, వెనక ఎర్రకోటులో సుధామయి. ఒకాయన బళ్లో పిల్లాడిలా వేలు చాచి లెక్కపెట్టాడు, ఒకటి, రెండు. గాలి లేని ఆ మధ్యాహ్నం రెండు పొగలూ నిటారుగా లేచి, చర్చి గోపురం మీదికి వెళ్లాక ఒకదానివైపు ఒకటి వంగి, ఒక్కటైపోయాయి. సుధామయి ఫొటో తీసింది. కారు తిరిగి మబ్బులోకి దిగిపోయింది.

కారు ఆఫీసు చేరి ఉంటుందనుకున్నాక పాండురంగ ఫోన్ చేశాడు.

“అవ్వ పోయిందమ్మా. డాక్టరుకు చెప్పు.”

“ఎప్పుడు అంకుల్?”

“పొయ్యి ఆరినప్పుడు.”

“పొయ్యి ఆర్లే గదా. నేను చూసిన, రెండు…” ఆ పిల్ల అక్కడ ఆగిపోయింది. తర్వాత మెల్లగా అంది: “ఫొటోల రెండే ఉన్నయ్ అంకుల్. రిపోర్టుల నేను అదే పెడుత.”

ఆ ఏడు గేటు దించలేదు. పాండురంగ మంచు తోసి ఉంచిన రోడ్డు మీదనే డాక్టరు వచ్చాడు, పాస్టరు వచ్చాడు, కింది ఊరినుంచి మోసేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఇద్దరు మిల్లువాళ్ల మనవలే. రోజ్‌లీ తన వాళ్లందరూ పడుకున్న రాతిగదిలోనే పడుకుంది. కాగితం మీద రెండు పొగలని ఉంది కాబట్టి, మట్టి మెత్తబడేదాకా పాండురంగ రోజూ రెండు ఇళ్లలోనూ పొయ్యి వెలిగించాడు. పలుగు దిగిన రోజున ఆమెను పూడ్చిపెట్టి, గుడ్డసంచీ భుజాన వేసుకుని నడిచి కిందికి వచ్చేశాడు. ఇప్పుడు అక్కడి జనాభా ఎంతని అడిగితే సుధామయి మాట మార్చేస్తుంది.

రెండు పొగలూ ఒక్కటయ్యాయన్నది మాత్రం కల్పన. నేనే కలిపాను. నిజానికి ఆ మధ్యాహ్నం గాలి ఉంది. ఒకటి అడవివైపు పోయింది, ఒకటి వంతెనవైపు పోయింది, నూరేళ్లు ఎడమొహం పెడమొహంగా ఉన్న ఊళ్ల పొగలు మరి. వంటబల్ల మీద ఉన్నది మాత్రం కల్పన కాదు. తాళం వేసి వచ్చేటప్పుడు పాండురంగ దాన్ని తియ్యలేదు. సగం ఒలిచిన దుంప ఒకటి, తెగని తొక్క బల్ల అంచునుంచి చుట్టలుచుట్టలుగా నేల దగ్గరిదాకా వేలాడుతూ.