దిగబోయి పడ్డవాళ్ళు

ముందు మీరేం చూశారో చెప్పండి. ఆయన పడ్డాడా, దిగాడా? నసగకండి. ఆ రోజు హాలు నిండా జనం, అందరికీ కళ్ళున్నాయి. నోరు పెగలడం లేదా? సరే, మొదట్నించీ నేనే చెప్తాను. విన్నాక చెబుదురుగాని.

ఆ ఆసుపత్రిలో పొద్దున్నే ఫినాయిల్ వాసన, మందుల బండ్ల చప్పుడు, రాత్రి డ్యూటీ వాళ్ళ ఆవలింతలు. సోమవారమైతే టేపు మనిషి కూడా వచ్చేవాడు. పరిశోధన విభాగంలో డాక్టర్ల కుర్చీల ఎత్తు కొలవడం అతని ఉద్యోగం. ఎవరైనా తమ వ్యాసంలో ఇంకొకరి వ్యాసాన్ని పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. అలా పేర్కొన్న ప్రతిసారీ, ఆ ఇంకొకరి కుర్చీ కాస్త పైకి లేచేది. లేచి గాల్లోనే నిలిచేది. ఊడ్చేవాళ్ళకి అదో సుఖం, జరపక్కర్లేదు.

అందరికన్నా ఎత్తున ఉండేది పెద్ద డాక్టరు కుర్చీ. వైద్యం నాణ్యత మీద ఆయన రాసిన వ్యాసం అలాంటిది. మంచాల పక్క కడ్డీలు తీసేసినా, ఆయాల్ని మాన్పించినా, రోగులు పడిపోవడం ఏమీ పెరగదని అందులో తేల్చిపారేశాడు. ఖర్చు తగ్గే కబురు ఎవరికి చేదు? చదివిన ప్రతి ఆసుపత్రీ ఆయన్ని పేర్కొంది. కడ్డీలు పోయాయి, ఆయాలు పోయారు, కుర్చీ లేచింది.

వ్యాసానికి ముందు, కడ్డీలూ ఆయాలూ లేకుండా ప్రయోగం జరిపిన వార్డుకి హెడ్ నర్సు ఆయన సొంత చెల్లెలే. ఆ రోజుల్లోనే వాళ్ళమ్మ జ్వరంతో ఆ వార్డులో చేరింది. తెల్లవారుతుండగా బాత్రూముకని మంచం దిగబోయింది. పట్టుకుందామంటే కడ్డీ లేదు, పిలిస్తే పలికే ఆయా లేదు. పడింది. తుంటి విరిగింది. ఇక లేవలేదు.

వ్యాసం అచ్చులో చదివి, చెల్లెలు అన్న గదికెళ్ళి తలెత్తి నిలబడింది.

"అన్నయ్యా, ఇందులో అమ్మేదీ?"

"ఏ అమ్మ?"

"మనకెంతమంది ఉన్నారు? పడ్డవాళ్ళ లెక్కలో అమ్మ లేదు."

"అమ్మ పడలేదే, దిగింది. తమంతట తాము దిగబోయి పడ్డవాళ్ళని పడ్డవాళ్ళ కింద వెయ్యకూడదని మొదట్లోనే అనుకున్నాం. పద్ధతి పద్ధతే."

"దిగబోకుండా ఎవరు పడతారు? నిద్రలో దొర్లిపోవడానికి వాళ్ళేం ఉయ్యాల్లో పిల్లలా?"

"గట్టిగా చెప్పు. ఇంత ఎత్తుకి వినబడదు."

చెల్లెలు బయటికొచ్చేసింది. అన్న లెక్క తప్పని తనే ఒక వ్యాసం రాసింది. అది అచ్చయిన సోమవారం టేపు మనిషి కొలిచి, నవ్వాపుకోలేకపోయాడు.

"ఇంకాస్త లేచాడమ్మా మీ అన్న!"

"తిట్టినా లేస్తుందా?"

"పేరెత్తావా, లేదా? టేపుకి పొగడ్తా, తిట్టూ ఏం తెలుసు? ఎత్తొక్కటే తెలుసు."

పైనుంచి గొంతు వినబడింది. "థాంక్స్ చెల్లాయ్. ఇంకోటి రాయి."

ఆవిడ ఏడవలేదు. ఇంటికెళ్ళి వండుకుంది, తిన్నది, అంట్లు తోముకుంది. గిన్నె బోర్లిస్తూ, "రాయిస్తాలే అన్నయ్యా" అంది.

కడ్డీలు తీసేసిన ఆసుపత్రుల్లో నర్సులకి, డాక్టర్లకి కబురు పెట్టింది. మీ దగ్గర దిగబోయి పడ్డవాళ్ళ గురించి రాయండి, మా అన్న పేరు మాత్రం వదలకండి అని. కడుపు మండినవాళ్ళకి కొదవా? రాశారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాశారు. కుర్చీ ఎక్కడానికి అన్నకి స్టూలు చాల్లేదు, కుర్చీకి గది కప్పు చాల్లేదు. పెద్ద హాల్లోకి మార్చి పొడుగాటి నిచ్చెన వేయించుకున్నాడు. అది పట్టుకోవడానికి, మాన్పించిన ఆయాల్లో ఒకామెని వెనక్కి పిలిపించుకున్నాడు. రోగులకి అక్కర్లేని ఆయా, ఆయనగారి నిచ్చెనకి కావాల్సొచ్చింది!

ఎవరేం రాశారో ఆయన చదవలేదు. ఎందుకు చదువుతాడు, కుర్చీ లేస్తుంటే? అంతటి ఎత్తు ఇంకెవరికీ లేదని సన్మానం పెట్టారు. అదే హాలు, కింద వేదిక, ఎదురుగా మీరంతా. ఆయన జుట్టు కప్పుకి రాసుకుంటోంది. పేరు పిలిచారు.

"ఆయా ఏదీ?" అని అరిచాడు.

చెల్లెలు నిచ్చెన పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "వార్డులో ఒక ముసలామె మంచం దిగుతానంటోంది. ఆయాని అక్కడికి పంపాను."

"మరి నిచ్చెన?"

"పట్టుకునేవాళ్ళు అక్కర్లేదని నువ్వేగా తేల్చావు."

"హాస్యాలు చాలు. పట్టుకో చెల్లీ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

మీ చేతులూ ఖాళీగా లేవు. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఆయన పంతంగా ఒక కాలు మెట్టు మీద పెట్టాడు, రెండోది కుర్చీ మీంచి తీశాడు. నిచ్చెన జారింది.

ఇప్పుడాయన వాళ్ళమ్మ పడుకున్న మంచం మీదే ఉన్నాడు. తుంటి విరిగింది. ఇక నిలబడలేడని ఎముకల డాక్టరు చెప్పేశాడు. ఖాళీ కుర్చీ మాత్రం కప్పుకి ఆనుకుని అక్కడే ఉంది. సోమవారం సోమవారం టేపు మనిషి దాన్ని కొలుస్తూనే ఉన్నాడు.

నెలాఖరుకి, ఆసుపత్రిలో పడ్డవాళ్ళ లెక్క హెడ్ నర్సు పంపాలి. చెల్లెలు మంచం దగ్గర కూచుంది.

"ఏం వెయ్యమంటావు?"

"పడ్డానే చెల్లీ! చూశావుగా, పడ్డాను!"

"అలాగా. నువ్వు పడితే అమ్మా పడ్డట్టే. అప్పుడు నీ వ్యాసం అబద్ధమని నీ నోటితోనే చెప్పాలి. లేదంటావా, నువ్వు దిగావు. అంతే."

అన్న కప్పుకేసి చూశాడు. గోడ వైపు తల తిప్పుకున్నాడు. చేత్తో మంచం అంచు తడిమాడు. పట్టుకుందామంటే ఆ మంచానికి కడ్డీ లేదు.

చెల్లెలు ఇంకా కలం పట్టుకునే కూచుంది. తలలెత్తి చూసింది మీరు. చెప్పండి, ఆయన పడ్డాడా, దిగాడా?