గది బయట కూర్చున్న దేశం

షికాగో దగ్గరి నేపర్‌విల్ తెలుగు క్రైస్తవ సంఘంలో చేతులెత్తి ఓటు వేసే అలవాటు ఎన్నడూ లేదు. ఏ సంగతైనా కాసేపు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత పెద్దవాళ్లలో ఒకరు ప్రార్థన చేస్తారు. తేల్చుకోవలసిన మాట ఆ ప్రార్థనలోనే ఉంటుంది. అందరూ కళ్లు మూసుకుని "ఆమెన్" అన్నారంటే అది ఖాయమైనట్టే. దేవుడి ముందు చెప్పిన మాటని కాదనే నోరు ఎవరికుంటుంది? సంఘం పుట్టిన దగ్గర్నుంచి ఒక్క గొడవ కూడా జరగలేదని అందరూ గొప్పగా చెప్పుకునేవారు.

లూసీ కూడా చెప్పుకునేది. ఆమె ఆసుపత్రిలో నర్సు. భర్త దేవకుమార్‌కి ఒక ల్యాబులో ఉద్యోగం. కూతురు దెబోరా హైస్కూల్లో చదువుతోంది. ఆదివారం వస్తే అమెరికన్ చర్చివాళ్లు వాడుకోమని ఇచ్చిన బేస్‌మెంటులో తెలుగు ఆరాధన, తర్వాత భోజనాలు. ప్రేమానందం గారు అధ్యక్షులయ్యేదాకా అంతా సాఫీగానే నడిచింది.

ఆయన గొంతు పెంచే మనిషి కాదు. మెత్తగా నవ్వుతూ, "నాది ఇదొక్కటే కోరిక బ్రదర్," అనేవారు. మొదట పిల్లల గిటారు మాన్పించమన్నారు. మాన్పించారు. ఆడవాళ్ల కూడిక తన ఇంట్లోనే జరగాలన్నారు. సరేనన్నారు. ఆ తర్వాత బేస్‌మెంటు తాళంచెవి తన దగ్గర ఉండాలన్నారు. అప్పటిదాకా అది దేవకుమార్ దగ్గర ఉండేది. "తాళంచెవి కోసం తగువేంటి, పోనిద్దూ," అని జేబులోంచి తీసి ఇచ్చేశాడు దేవకుమార్. ప్రతిసారీ ప్రార్థన, ప్రతిసారీ ఆమెన్. ఇంటికి వస్తూ కారులో భార్యాభర్తలు, "ఇంక ఆయన అడగడానికి ఏముంది?" అనుకోవడం కూడా ప్రతిసారీ ఉండేది.

ఎనభై నాలుగు నవంబరులో ఆయన ఏకంగా ఒక మనిషినే అడిగారు.

ఆ మనిషి రేణు. ప్రేమానందం గారి మేనల్లుడు ఉదయ్‌కి భార్య. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మెడ మీద వేళ్ల గుర్తులతో లూసీ ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "సర్దుకో అమ్మా, ప్రార్థన చేద్దాం," అని లూసీయే నచ్చజెప్పి, కారులో తీసుకెళ్లి వాళ్లింటి దగ్గర దింపి వచ్చింది. మళ్లీ ఆ పిల్లని చూసింది తన ఆసుపత్రిలోనే. ఎడమ చెయ్యి విరిగి ఉంది. ఆ తర్వాత రేణు మొగుడింటి గడప తొక్కలేదు. ఒక చిన్న అపార్ట్‌మెంటులో ఉంటూ కిరాణా స్టోరులో పని చేసుకుంటోంది. ఈ దేశంలో ఆమెకి తెలుగు మాట వినిపించే చోటు ఆ బేస్‌మెంటు ఒక్కటే.

భర్తతో సమాధానపడి, తిరిగి కాపురానికి వెళ్లేదాకా ఆమె ఆరాధనకి రాకూడదని ప్రేమానందం గారి కోరిక. శనివారం మధ్యాహ్నం లూసీ ఇంట్లోనే సంఘం కమిటీ కూర్చోవాలని నిర్ణయమైంది.

అదే వారం దెబోరా బడినుంచి వస్తూనే పుస్తకాల సంచీ సోఫా మీదకి విసిరేసింది.

"నాకు ఒక్క లైన్ కూడా లేదు మమ్మీ! హిస్టరీలో నైన్టీన్ థర్టీ ఎయిట్ మ్యూనిక్ కాన్ఫరెన్స్ యాక్ట్ చేశాం. అందరికీ ఒక్కో కంట్రీ. నేను చెకొస్లొవేకియా. నన్ను హాల్‌వేలో చైర్ వేసి కూర్చోపెట్టాడు టీచర్."

"ఎందుకే, అల్లరి చేశావా?"

"నో! రియల్‌గా అంతే అయింది అట. లోపల హిట్లర్, ముస్సోలినీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్. ఫోర్ పీపుల్. నా ల్యాండ్ కట్ చేసి హిట్లర్‌కి ఇచ్చేసి, లాస్ట్‌లో మ్యాప్ తెచ్చి నాకు ఇచ్చారు. జెన్నీ ఫ్రాన్స్. ఫ్రాన్స్ నాకు హెల్ప్ చేస్తాను అని ట్రీటీ సైన్ చేసింది, తెలుసా? నా ముందు నుంచి షూస్ చూసుకుంటా వెళ్లిపోయింది."

దేవకుమార్ పేపరు చాటునుంచి నవ్వాడు. "పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారమ్మా? అంతకుముందే ఒక పెద్ద యుద్ధం చూసి ఉన్నారు. ఇంకోటి రాకుండా చూసుకున్నారు."

"వచ్చింది కదా డాడీ! నెక్స్ట్ ఇయరే. నా మౌంటెన్స్, నా ఫోర్ట్స్ అన్నీ ఇచ్చేశాక వచ్చింది."

దేవకుమార్ పేపరు తిప్పాడు. ఉల్లిపాయలు తరుగుతున్న లూసీ తలెత్తి కూతురి వైపు చూసింది.

శనివారం కమిటీ నలుగురూ కూర్చున్నారు: ప్రేమానందం గారు, దేవకుమార్, సంఘంలో ఇంకో పెద్ద శ్యామ్‌సుందర్, ఆడవాళ్ల తరఫున లూసీ. నిర్ణయం చెప్పడానికని రేణుని కూడా రమ్మన్నారు కానీ, "తేలేదాకా ఆ అమ్మాయిని వంటింట్లో కూర్చోమనండి," అన్నారు ప్రేమానందం గారు. రేణు కోటు కూడా విప్పకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. దెబోరా తలుపులోంచి ముందు గదిలోకి చూసింది, రేణుని చూసింది. ఇంకో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. ముందు గదిలోంచి లూసీ అది చూసింది.

"కోడికూర వాసనకి నేనేం చెప్పాలనుకున్నానో మర్చిపోయాను సిస్టర్," అన్నాడు శ్యామ్‌సుందర్.

"నాది ఇదొక్కటే కోరిక," అన్నారు ప్రేమానందం గారు. "ఇది తీరిస్తే ఇంకేమీ అడగను."

"తాళంచెవి అడిగినప్పుడూ ఇదే మాట అన్నారు అన్నయ్యగారూ," అంది లూసీ.

"అబ్బో, సిస్టర్‌కి భలే జ్ఞాపకం!"

"ఆ పిల్ల చేతికి కట్టు కట్టేటప్పుడు నేనక్కడే ఉన్నాను. అది కూడా జ్ఞాపకమే."

ఆయన నవ్వు ఆగింది. "కాపురం సంగతులు మనకెందుకమ్మా? మీకు ఇష్టం లేదంటే చెప్పేయండి. మా కుటుంబాలన్నీ వేరే చోటు చూసుకుంటాం. సంఘం చీలితే ఆ పాపం ఎవరిదో మీరే ఆలోచించుకోండి."

"అంత మాటెందుకండీ!" దేవకుమార్ కంగారుపడ్డాడు. "కొన్నాళ్లే కదా. ఈస్టరుకి మళ్లీ చూద్దాం. ఏమంటావ్ లూసీ?"

కొన్నాళ్లే కదా. ఇండియాలో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు కూడా అతను ఈ మాటే అన్నాడు. పక్కింటి లెక్చరర్‌ని పోలీసులు తీసుకెళ్లిన రోజున కిటికీ మూసి, ఇదే గొంతుతో అన్నాడు.

ప్రేమానందం గారు ఇంక ఆలస్యం చేయకుండా కళ్లు మూసుకున్నారు. అందరూ తలలు వంచారు. ప్రార్థన చక్కగా సాగింది. రోగులకు స్వస్థత, ప్రయాణాల్లో ఉన్నవారికి క్షేమం అడిగారు. ఆ తర్వాత, "ప్రభువా, నీ బిడ్డ రేణు తన భర్తతో సమాధానపడు వరకు ఆరాధనకు దూరముగా ఉండి, తన్ను తాను పరీక్షించుకొనునట్లు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ."

"ఆమెన్," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఆమెన్," అన్నాడు దేవకుమార్.

లూసీ నోటిదాకా వచ్చింది ఆ మాట. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది, ప్రార్థన ముగిస్తే తనంతట తనే వచ్చేస్తుంది. పెదవులు గట్టిగా బిగించి ఆపుకుంది.

ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. దేవకుమార్ మోచేత్తో పొడిచి, "ఆమెన్ అను," అన్నాడు లోగొంతుకతో.

"అనలేను."

"ప్రార్థనకి ఆమెన్ అనని విశ్వాసిని నేనింతవరకు చూళ్లేదు," అన్నారు ప్రేమానందం గారు.

"అది ప్రార్థన కాదు అన్నయ్యగారూ, తీర్పు. తీర్పు చెప్పేటట్టయితే ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి." లూసీ లేచి వంటింటి వైపు తిరిగింది. "రేణూ, ఇలా రా తల్లీ."

రేణు వచ్చి గుమ్మంలో నిలబడింది. ప్రేమానందం గారు ఆమె వైపు చూడలేదు. కోటు తీసుకుని, "ఇది మొదలుపెట్టింది మీరు. గుర్తుంచుకోండి," అని వెళ్లిపోయారు. శ్యామ్‌సుందర్ ఆయన వెనకే వెళ్లాడు. దేవకుమార్ చెప్పులతోనే మంచులోకి పరుగెత్తి, కారు కదిలేదాకా ఆయన్ని బతిమాలుతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక లూసీతో మాట్లాడలేదు. కోడికూర ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు ఆదివారం. బేస్‌మెంటు తలుపుకి తాళం వేసి ఉంది. పార్కింగులో తెలుగువాళ్ల కార్లు లేవు. ఆరాధన ప్రేమానందం గారింట్లో అని రాత్రికి రాత్రే అందరికీ ఫోన్లు వెళ్లాయి, లూసీ వాళ్లకి తప్ప. చలిలో లూసీ, రేణు, దెబోరా నిలబడ్డారు. కాసేపటికి శ్యామ్‌సుందర్ భార్య వసుమతి ఒక్కతే వచ్చింది. "ఆయనకి జలుబు," అంది తల దించుకుని. దేవకుమార్ వాళ్లని తీసుకొచ్చాడు కానీ కారు దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు.

"అంతా నావల్లే కదా అక్కా," అంది రేణు.

"నీవల్ల కాదు. నువ్వు రాకముందే మొదలైంది. గిటారు దగ్గర మొదలైంది. అప్పుడే కాదని ఉండాల్సింది."

"డాడీ వస్తారా మమ్మీ?" దెబోరా అడిగింది.

"తెలీదు నాన్నా."

తాళం వేసిన తలుపు ముందే లూసీ ప్రార్థన చేసింది. ఏం అడగాలో సరిగ్గా తెలియలేదు. రేణుని కాపాడమంది. రేపటినుంచి ఎదురుపడితే మొహం తిప్పుకోబోయే వాళ్లందరి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పింది. చివర దేవకుమార్ పేరు చెప్పింది. ముగ్గురు ఆడవాళ్లూ ఒక పిల్లా ఆమెన్ అన్నారు.

లూసీ కళ్లు తెరిచి కారు వైపు చూసింది. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. అంత చలిలోనూ అతని వైపు కిటికీ అద్దం బెత్తెడు దిగి ఉంది. అక్కణ్ణుంచి ఆమెన్ మాత్రం వినిపించలేదు.