పదమూడో నెలలో పుట్టిన పిల్ల

నా కూతురు హిలీనా పదమూడో నెలలో పుట్టింది. మాకు పదమూడో నెల ఉంది. పగుమే అంటాం, ఏడాది చివర అయిదు రోజుల బుల్లి నెల. అందులో మూడో రోజు రఫాయేలు దేవదూత పండగ. ఆ రోజు వానలో తడిస్తే ఏడాది పాపమంతా కొట్టుకుపోతుందని పిల్లలు ఒంటిమీద నూలుపోగు లేకుండా వీధుల్లో గంతులేస్తారు. నా పిల్ల పుట్టింది ఆ రోజే, ఆ పూట కూడా అడిస్ అబాబాలో ఒకటే వాన. మా లెక్కలో అది రెండు వేల సంవత్సరం.

కైరో వచ్చి శరణార్థుల ఆఫీసులో మొదటి ఫారం నింపిన రోజు ఆ తేదీని బయటి లెక్కలోకి మార్చాల్సి వచ్చింది. మా సంవత్సరం లోకం కన్నా వెనక నడుస్తుంది. సెప్టెంబరులో మా కొత్త సంవత్సరం వచ్చాక ఏడు కలపాలి, అంతకు ముందైతే ఎనిమిది. పగుమే కూడా సెప్టెంబరులోనే కదా అని నేను ఏడు కలిపేశాను. పిల్ల ఇంకో మూడు రోజులాగి పుట్టి ఉంటే ఆ ఏడే సరిపోయేది. రెండు వేల ఎనిమిది రాయాల్సిన చోట రెండు వేల ఏడు రాసి, కింద సంతకం పెట్టి, ఎవరి సాయమూ లేకుండా నింపానని మురిసిపోతూ ఇంటికి వచ్చాను. నాలాంటి తెలివైనది వెతికినా దొరకదు.

తప్పు తెలిసింది నాలుగేళ్ల తరవాత. మా ఆయన దెరెజె కెనడా నుంచి మా ఇద్దరికీ కాగితాలు పెట్టాడు. అప్పుడు మళ్లీ లెక్కేస్తే, నా రాతలో పిల్లకి ఓ ఏడాది వయసు ఎక్కువ పడింది. పద్దెనిమిది నిండని పిల్ల తల్లి ప్రయాణ పత్రం మీదే వెళుతుంది. నిండితే వేరే ఫైలు, వేరే వరస, మళ్లీ ఏళ్లకేళ్లు. ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, ఇఖామా, అది కూడా నాదానికే అతుక్కుని ఉంది. నా ఫైలులోంచి పేరు తెగిందంటే అదీ పోతుంది. ఆ తరవాత మెట్రో మెట్ల దగ్గర ఏ పోలీసు చెయ్యి చాపినా, చూపించడానికి పిల్ల దగ్గర ఏమీ ఉండదు.

పై అంతస్తులో ఉండే అస్నకెచ్ అక్క దగ్గరికి పరిగెత్తాను. మా పేటలో మావాళ్లు ఎవరు ఏ కాగితం పెట్టాలన్నా ముందు ఆవిడ కాఫీ తాగాల్సిందే. ఆవిడ ఫైలు పదకొండేళ్లుగా కదల్లేదన్నది వేరే సంగతి.

"దిద్దమని అడుగుతావా? భేషుగ్గా అడుగు," అంది కాఫీ గింజలు వేయిస్తూ. "అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అంటారు. ఏం చెప్తావు?"

"మా లెక్క వేరని చెప్తాను."

"వాళ్లకి పన్నెండు నెలలు చాలమ్మా. పదమూడోదానికి ఫారంలో గడి కూడా లేదు. నోరు మూసుకుని రాసిందే చెప్పు, పిల్లకీ అదే నేర్పు. ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టి అడుగుతారు. మాటలకి పొంతన కుదరలేదో, ఫైలు అటకెక్కినట్టే."

ఆరు నెలలు నేర్పాను. ఇంజెరా అట్లు పోస్తూ అడిగేదాన్ని, జడలు అల్లుతూ అడిగేదాన్ని.

"ఎప్పుడు పుట్టావే?"

"సెప్టెంబరు ఎనిమిది, రెండు వేల ఏడు. ఇంకోసారి అడిగావంటే నిజంగానే ఏడాది ముసలిదాన్నైపోతానమ్మా."

"తిప్పి తిప్పి అడుగుతారే. నవ్వుతూ అడుగుతారు. మీ అమ్మ ఇంకోలా చెప్పిందని కూడా అంటారు."

"అననీ. ఏడే."

ఆగస్టు ముప్పై ఒకటిన రమ్మని ఆ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. కాగితం మీది పద్దెనిమిదికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. చర్చివాళ్లు ఇచ్చిన జ్ఞానస్నానం కాగితం సంచి అడుగున పెట్టుకున్నాను. దాని మీద పుట్టిన తేదీ మా లెక్కలో ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

హిలీనాని ఎదుటి గదిలోకి పంపారు, నన్ను ఈ గదిలోకి. బల్ల వెనక నడివయసు అధికారిణి, పక్కన దుబాసీ. ఆయన మావాడే, గడ్డం నెరిసిన మనిషి. ఆవిడ మర్యాదగానే ఏవేవో అడిగి, చివరికి తేదీ మీద వేలు పెట్టింది.

"మీ అమ్మాయికి ఎనిమిది రోజుల్లో పద్దెనిమిది నిండుతున్నాయి. పత్రం చేతికి రావడానికి నెల పడుతుంది. ఆమె పేరు మీ ఫైలులోంచి తీసేయాలి."

ఆ నెల సంగతి అస్నకెచ్ అక్క చెప్పలేదు. ఆరు నెలల పాఠం ఎటు పోయిందో తెలియదు, సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టేశాను.

"తప్పు రాశానమ్మా. పగుమే మూడు. ఎనిమిది కలపాల్సింది, ఏడు కలిపాను. దానికింకా పదిహేడు కూడా నిండలేదు."

దుబాసీ కాగితం చూసి, "రఫాయేలు నాడు పుట్టిందా," అన్నాడు మెల్లగా. తరవాత వేళ్ల మీద లెక్కపెడుతూ ఆవిడకు చాలాసేపు వివరించాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి నా వంక చూసింది.

"మీవాళ్లలో ఈ పొరపాటు ఇదివరకూ చూశాను. భయపడకండి. అమ్మాయి కూడా ఇదే చెబితే ఇవాళే దిద్దేస్తాను. ఇంకోలా చెబితే మాత్రం విచారణకు పంపాలి, అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

పోయిన ప్రాణం లేచొచ్చింది, మరుక్షణం మళ్లీ పోయింది.

"ఒక్క నిమిషం దానితో మాట్లాడొస్తాను."

"కుదరదు."

ఆవిడ ఫోను ఎత్తి ఎదుటి గదికి ఏదో చెప్పింది. ఏం చెప్పిందని దుబాసీని అడిగాను.

"తేదీ మరోసారి అడగమంటోంది చెల్లీ. వాళ్లమ్మ వేరే ఏడాది చెప్పిందని పిల్లకి చెప్పి మరీ అడగమంటోంది."

లేచి తలుపు దాకా వెళ్లాను. కూర్చోమన్నారు. కూర్చున్నాను. రఫాయేలూ, దాని నోట ఒక్కసారి నిజం పలికించవయ్యా అని మొక్కాను. దాని నోట్లో అబద్ధం పెట్టిందాన్ని నేనే, ఏ మొహం పెట్టుకుని మొక్కానో.

ఎదుటి తలుపు తెరుచుకుంది. హిలీనా వచ్చి నా పక్కన కూర్చుంది. నుదుటి నిండా చెమట, ముఖం నిండా నవ్వు. నా చెవిలో గుసగుసగా అంది:

"మూడుసార్లు అడిగారమ్మా. నువ్వు వేరేగా చెప్పావని కూడా అన్నారు. నేను కదల్లేదు."

"బాగా చెప్పావు తల్లీ," అన్నాను.