దోర్కా చూసే వెలుగు

నాకు అక్షరాలు యాభై అయిదు దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పితే సరిచేసుకుని చదవండి. నా రాత కూడా నెమ్మది. ఈ కాస్తా ఆదివారం నుంచి రాస్తున్నాను. "నేను" అని రాస్తే చెయ్యి ఆగిపోతోంది, అందుకే సారమ్మ అనే రాస్తున్నాను.

నాచారంలో సారమ్మ వాళ్లింట్లో ఆ సాయంత్రం గృహప్రార్థన. సారమ్మ సమోసాల్లోకి ఉల్లిగడ్డ తరుగుతోంది. కోడలు దోర్కా చున్నీకి పిన్ను పెట్టుకుని చెప్పులేసుకుంటోంది.

"యాడికి?" అన్నాడు కొడుకు బ్లెస్సన్, సోఫాలోంచి లేవకుండానే. "పాస్టరమ్మ నీ కోసమే వస్తున్నది."

నీ కోసమే అంటే, పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదని. ప్రతి నెలా దోర్కాను చాప మధ్యలో మోకరింపజేసి, ఆడవాళ్లంతా తల మీద చేతులు పెట్టి ప్రార్థిస్తారు. బ్లెస్సన్ తల మీద ఎవరూ పెట్టరు.

దోర్కా యూనివర్సిటీలో ఒక దూరపు గెలాక్సీ గురించి పరిశోధన చేస్తోంది. దాని నడిమధ్య ఒక పెద్ద కృష్ణబిలం ఉందట. నాలుగు నెలలకోసారి అక్కడ వెలుగు భగ్గుమని పెరిగి తగ్గిపోతుందట. ఈసారి ఏ రోజు పెరుగుతుందో దోర్కా ముందే లెక్కకట్టి చెప్పింది. ఆ రోజు ఇదే. హబ్సిగూడ దాటి యూనివర్సిటీకి వెళ్లి, ఎక్కడో కొండ మీదున్న టెలిస్కోపుతో కంప్యూటర్లో చూడాలి.

"నాల్గు నెలలకు మళ్లొస్తదంటివి గద. అప్పుడు సూసుకో."

"మళ్లొస్తదని జెప్పింది నేనే. ఇయ్యాల సూస్తేనే నా మాట నిలబడేది."

"కోట్ల ఏండ్ల సంది వస్తున్న వెలుగు, ఒక్క పూట ఆగదా?"

"ఆగదు."

సారమ్మ చేతిలో కత్తి నిలిచిపోయింది. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. భర్త జ్ఞానయ్య ఫ్యాక్టరీ షిఫ్టు ఆగదు, నీళ్ల ట్యాంకరు ఆగదు, పొయ్యి మీద పప్పు ఆగదు. ఎప్పుడూ ఆగింది ఆమే. పలక పడతానంటే జ్ఞానయ్య, "సదివి కలెక్టరైతవా? పప్పు మాడుతది సూడు" అని నవ్వేవాడు. నవ్వేవాడే తప్ప కొట్టేవాడు కాదు. అందుకని ముప్పై ఏళ్లు మంచివాడనే చెప్పుకుంది. ఆయన పోయాక సింకు పక్కన నిలబెట్టి అఆలు దిద్దించింది ఈ కోడలే.

సారమ్మ లేచి ఉల్లిగడ్డల పళ్లెం కొడుకు ఒళ్లో పెట్టింది.

"నేనా?" అన్నాడు బ్లెస్సన్.

"సేతులు లేవా? జర సన్నగ తరుగు. నువ్ పో బిడ్డా, ఆటోలు దొరకయ్."

"మబ్బు లేకుంటే చాలు అత్తమ్మా," అంటూ దోర్కా గడప దాటింది.

పొద్దుగూకాక పాస్టరమ్మ వచ్చి ఇల్లంతా కలియజూసింది. "కోడలేది సారమ్మా?"

"డ్యూటీకి పోయింది."

"మరి ఎవరి కోసం ప్రార్థన?"

సారమ్మ వెళ్లి చాప మధ్యలో తనే మోకరించింది.

"ఈ వయసుల నీకేం మనవి వదినా?" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. సారమ్మ కూడా నవ్వింది.

"దోర్కా సూడబోయిన వెలుగు మన ప్రార్థనతోని వచ్చేది కాదు. అది ఎప్పుడో బయల్దేరింది. మా దోర్కా కూడ బయల్దేరింది. ఇద్దరి నడుమ మబ్బు రాకుండ ప్రార్థించుండ్రి."

సారమ్మ, యాభై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది నాచారంలో, కొడుకూ కోడలితో.