నల్ల అంచున్న ఖాళీ పేజీ

నేను ఒక ఖాళీ పేజీని. ఖాళీ అనగానే మీరు నమ్మేస్తారు, అదే మీతో వచ్చిన చిక్కు. పాలకొండ బస్టాండు ఎదుట గౌరునాయుడి డీటీపీ సెంటర్లో, కంప్యూటర్ మీద ‘కొత్తది’ అని నొక్కగానే తెరుచుకునేది నేనే. మీరింకా ఒక్క అక్షరమైనా కొట్టకముందే అది ఏ ఫాంటులో, ఎంత లావున, ఏ రంగులో పడాలో నాలో రాసిపెట్టి ఉంటుంది. దాన్నే డీఫాల్ట్ అంటారు.

పుట్టినప్పుడు నాకు సన్నటి అక్షరాలూ, తెల్లటి అంచులూ తప్ప ఏ గుణమూ లేదు. గౌరునాయుడు పెళ్లికార్డులూ, అద్దె ఒప్పందాలూ, తప్పిపోయిన గేదెల ప్రకటనలూ అన్నీ నా మీదే కొట్టేవాడు. తీరిక దొరికితే చాలు, తలకట్లు ముద్దుగా వచ్చే ఫాంటు కోసం వెతికేవాడు. ఆ పిచ్చి చూసి భార్య సూరీడమ్మ నవ్వేది.

ఆవిడ జ్వరమొచ్చి పోయింది. పెద్దకర్మ కార్డు ఇంకొకరి చేత కొట్టించడానికి మనసొప్పక ఆయనే కూర్చున్నాడు. చుట్టూ నల్ల అంచు పెట్టాడు. కింద బరువైన నల్లటి అక్షరాలు, పైన ఫొటోకి కోడిగుడ్డు ఆకారంలో చోటు. ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో ఎంత వెతికినా దొరకక ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. అంతా అయ్యాక ఒక చిన్న పెట్టె పైకొచ్చి, ఈ మార్పులు ఈ ఒక్క పేజీకేనా, ఇకముందు తెరిచే అన్నిటికీనా అని అడిగింది. కళ్లనిండా నీళ్లున్న మనిషి ఏం చదువుతాడు? ‘అన్నిటికీ’ అని నొక్కేశాడు.

ఇక ఎప్పుడు తెరిచినా నేను నల్ల అంచుతోనే వచ్చాను. చెరిపి పని చేసుకునేవాడు, మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. అన్ని ఫాంట్లు గాలించిన మనిషికి నా సెట్టింగులు చూడాలని తోచనేలేదు. ఫొటో లేకుండా సాగనంపినందుకు సూరీడమ్మ అలిగి వస్తోందనుకున్నాడు.

ఒకసారి పెయింట్ల కొట్టు పెడుతున్న సన్యాసిరావు కరపత్రం కోసం వచ్చాడు. గౌరునాయుడు చెరపడం మరిచి కొట్టేయడంతో, ఆ ఖాళీ చోటు కింద తన పేరు పడటం చూసి అతని మొహం పాలిపోయింది. ఆ నెల తిరక్కుండానే పోయాడు. అతనికి గుండెజబ్బు ఎప్పటినుంచో ఉంది, కానీ ఊరికి నేను దొరికాను.

ఇంతలో గౌరునాయుడి కూతురు హైమకి పెళ్లి కుదిరింది. కార్డు వేరేచోట కొట్టిద్దామని ఆయన బతిమాలాడు. మన షాపుండగా ఏం ఖర్మ అంటూ ఆ పిల్లే వచ్చి నన్ను తెరిచింది. ఆయన చప్పున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నీ పేరు అందులో కొట్టకమ్మా. అందులో పడినోడు మిగల్నేదు.”

“నువ్వు సెప్పిందే అది సేస్తంది నాన్నా. ఏటి సెప్పినావో సూద్దుం ఉండు.”

హైమ నా సెట్టింగుల్లోకి వెళ్లింది. నల్ల అంచుకి పసుపు పూసింది, అక్షరాల బరువు తగ్గించి కుంకుమ రంగు పెట్టింది. ఖాళీ చోటు మాత్రం చెరపలేదు. పెళ్లికార్డు పైన, పోయిన పెద్దల ఆశీస్సులతో అని వాళ్ల ఫొటో వేయడం మామూలే కదా. ఫోన్లో ఎవరిదో పెళ్లి ఫొటో వెతికి, గుంపులోంచి అమ్మ ఒక్కదాన్నే కత్తిరించి అక్కడ పెట్టింది. సూరీడమ్మ పక్కకి తిరిగి, కనపడని పెళ్లికూతురి వైపు చూస్తోంది. ఆ చోటు అన్నాళ్లు నోరు తెరుచుకుని ఎంత ఆకలిగా ఉందో నాకే తెలుసు.

తర్వాత హైమ తన పేరు కొట్టింది. గౌరునాయుడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఏమీ కాలేదు. మళ్లీ ఆ పెట్టె పైకొచ్చింది. ఈ ఒక్క పేజీకే అని ఆ పిల్ల నొక్కబోతుంటే ఆయన అడ్డుకుని, ఈసారి పొడి కళ్లతో చదివి మరీ ‘అన్నిటికీ’ నొక్కాడు.

హైమ కాపురానికి వెళ్లింది, నిక్షేపంగా ఉంది. ఇక్కడ ఎవరి పని మొదలుపెట్టినా ముందు సూరీడమ్మే వచ్చి కూర్చుంటోంది. వచ్చినవాళ్లు తొందరపెడతారు. ఆయన “కాసేపు పక్కకుండే” అని గొణిగి, తన చేత్తో ఆవిణ్ణి చెరిపేస్తాడు. నేను మళ్లీ తెచ్చి కూర్చోబెడతాను. చెప్పిందే చేస్తాను, నాకు ఇంకేమీ రాదు.

ఈమధ్య ఆయన చెయ్యెత్తి ఆగిపోతున్నాడు. ఆవిడ తనకేసే చూస్తోందట. ముసలాడి భ్రమ అనుకుని నేనూ చూసుకున్నాను. సూరీడమ్మ మొహం పక్కకి లేదు, నేరుగా ఎదటికి తిరిగి ఉంది. ఆ మార్పు చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.