నూట పదిహేడో వరస

పొద్దున ఎనిమిదింటికి తెనాలి పాసింజరు రేపల్లె స్టేషను వదులుతూ కూత పెట్టేది. ఉద్యోగాలున్నవాళ్లంతా ఆ బండిలో పోయేవాళ్లు. ఆ కూత వినగానే సరోజిని వాకిలి ఊడ్చి, చిన్న గిన్నెలో ఒక్కదానికి సరిపడా అన్నం వండుకుని, వరండాలో చాప పరుచుకుని బొంత ముందేసుకునేది. ఉద్యోగం లేకపోయినా టైముకి మాత్రం లోటు చేసేది కాదు.

ఆమెకి చదువు లేక కాదు. బాపట్లలో టీచరు ట్రైనింగు పాసైంది. తెనాలిలో ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్లు పాఠాలు చెప్పింది. ఎనభై ఆరులో ఆ బడి యజమాని పిల్లల్ని పంపించేసి, ఆ షెడ్లలో సిమెంటు బస్తాలు వేసుకున్నాడు. బస్తాలైతే ఫీజు ఎగ్గొట్టవు, వాటికి టీచర్లూ అక్కర్లేదు. సరోజిని ట్రంకుపెట్టె పట్టుకుని రేపల్లెలో లూథరన్ చర్చి వెనక సందులో ఉంటున్న అమ్మ దగ్గరికి వచ్చేసింది. పోస్టులు పడేదాకా ఉందామనుకుంది. పోస్టులు పడలేదు.

వచ్చిన వారంలోనే కమలమ్మ తన పాత చీరలన్నీ దించి కూతురి ముందు పడేసింది.

"ఊరికే కూర్చుంటే మనసుకి పాచి పడుతుందే. బొంత కుట్టుకో."

"మరి నువ్వు?"

"నాకు నా ఊలు ఉందిగా."

కమలమ్మకి చిన్నప్పుడు మిషను హాస్టల్లో దొరసాని ఊలు అల్లడం నేర్పింది. రేపల్లె ఉక్కలో స్వెట్టర్ ఎవరు వేసుకుంటారని దొరసాని ఆలోచించలేదు, కమలమ్మా ఆలోచించలేదు. భర్త సామ్యేలు మేష్టారు పోయినప్పటి నుంచీ ఒక నీలం స్వెట్టర్ అల్లుతూనే ఉంది.

చేత్తో కుట్టినా, అల్లినా ఆ రోజు ఆ కుట్టులోనే ఉండిపోతుందన్న సంగతి అందరికీ తెలిసిందే. చెవి ఆనించి వింటే సన్నగా వినపడుతుంది. దారం లాగేస్తే ఆ రోజు బయటికొచ్చి, దగ్గరున్నవాళ్లందరికీ ఒక్కసారి వినపడి, వెళ్లిపోతుంది. ఆ తర్వాత కుట్టినవాళ్లకి అది గుర్తుండదు, వాళ్ల వయసులోంచి ఒక రోజు తగ్గుతుంది. బొంత అయితే నయం. ఒక రోజుకి ఒక వరస, ఏ వరసకి ఆ వరసే. ఊలుతోనే భయం. మొత్తం ఒకే దారం కాబట్టి కొస దొరికితే ఇక ఆగదు.

డెబ్బై తొమ్మిదిలో పక్కింటి లక్ష్మమ్మ మేక ఆ స్వెట్టర్ కొస నోట కరుచుకుని సందు చివరిదాకా పోయింది. కమలమ్మ ఐదు నెలలు ఒక్క పూటలో జారిపోయాయి. కుళాయి దగ్గర తగాదా పడి, లక్ష్మమ్మతో మాటల్లేకుండా గడిపిన ఐదు నెలలు అవి. మేక వెనకాల రొప్పుతూ వచ్చిన లక్ష్మమ్మని చూసి, "ఏంటి వదినా, ఈమధ్య కనపట్లేదు? కాస్త మజ్జిగ ఉంటే పొయ్యి" అంది కమలమ్మ. లక్ష్మమ్మ ఏడుస్తూ మజ్జిగ తెచ్చింది. మేకని మాత్రం ఆ రోజు నుంచీ కట్టేశారు. కమలమ్మ స్వెట్టర్ మళ్లీ మొదటి నుంచీ అందుకుంది.

సరోజిని బొంత ఎర్రదారంతో మొదలుపెట్టింది. ఒక కొస నుంచి కుట్టుకుంటూ పోయేది. కుట్టాల్సిన భాగం చుట్టలా చుట్టి కట్టేసి ఉండేది. తల్లీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు సూదులు ఆడిస్తూ, ఒకరు కుడుతూ, చింతపండు గురించీ, పాస్టరుగారి కొత్త కళ్లజోడు గురించీ మాట్లాడుకునేవాళ్లు. ఉద్యోగం లేని ఆడపిల్లకి ఇంతకంటే మంచి రోజులు ఉండవని అప్పట్లో సరోజినికి తెలియదు.

ఎనభై ఏడులో ఆదిలాబాదు వైపు ఒక ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. అప్పుడే కమలమ్మకి కామెర్లు. సరోజిని వెళ్లలేదు. తల్లి కోలుకుని, లేచి తిరిగి, "ఆ కాగితం సంగతి ఏమైందే?" అని మామూలుగా అడిగిన రోజున సరోజినికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీ వల్లే పోయింది! నీ వల్లే నా బతుకు ఇలా తెల్లారింది!"

సరోజిని ఆ మధ్యాహ్నం సగంలో ఉన్న వరసని వంకరటింకరగా పూర్తి చేసి, సూది విసిరేసి, గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు ఇద్దరూ ఏమీ జరగనట్టే ఉన్నారు. క్షమించమని అడగడానికి మంచి సమయం చూసుకుందామనుకుంటూ ఉండగానే మూడు నెలలు గడిచాయి. నాలుగు రోజుల జ్వరంతో కమలమ్మ పోయింది.

ఎర్రదారం అయిపోయింది. కొట్లో మళ్లీ ఎర్రది అడిగే ఓపిక లేక, కొట్టతను ఇచ్చిన తెల్లదారం తెచ్చుకుంది. లక్ష్మమ్మ కొల్లిపరలో కూతురింటికి వెళ్లిపోయింది. మొదటి నెల చర్చివాళ్లు వచ్చి కూర్చున్నారు, ఆ నెలంతా సరోజిని సూది పట్టనే లేదు. తర్వాత రావడం తగ్గించారు. వస్తే "ఏదైనా వచ్చిందా అమ్మా?" అని అడగాలి, ఆ పిల్ల లేదనాలి. ఎందుకొచ్చిన బాధ అని సందు మొదట్లోంచే మళ్లిపోయేవాళ్లు. ఆదివారం చర్చిలో మాత్రం అందరూ పలకరించేవాళ్లు. కానీ ఆదివారం సరోజిని సూది ముట్టదు.

మిగిలిన రోజుల్లో ఇల్లు చాలా పెద్దదిగా అనిపించేది. కొన్ని రోజులు సూదిలోకి దారం ఎక్కించే ఓపిక కూడా ఉండేది కాదు. మధ్యాహ్నం బొంత మీద పడుకుని, ఎర్ర వరసల మీద చెవి పెట్టుకునేది. అమ్మ దగ్గు, సూదుల టిక్కుటిక్కు, చింతపండు ధర వినపడేవి. అన్ని వరసలూ విన్నది గానీ, ఆ వంకర వరస దగ్గరికి మాత్రం చెవి పోనిచ్చేది కాదు.

ఎనభై తొమ్మిది మే నెలలో పోస్టులు పడ్డాయి. జిల్లాలో టీచర్లు కావాలి. జులై ఒకటికి ముప్పై మూడేళ్లు దాటకూడదు. సరోజిని సర్టిఫికెట్టు తీసి చూసుకుంది. మార్చి ఆరుకే దాటేశాయి. నిజానికి ఆమెకి ముప్పై రెండే. సామ్యేలు మేష్టారికి కూతుర్ని తన క్లాసులో చూసుకోవాలన్న తొందర. నాలుగేళ్ల పిల్లకి ఐదేళ్లు వేసి ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకున్నాడు. తండ్రి ముద్దు అలా రిజిస్టరులోకెక్కి, ఇన్నేళ్లకి కూతురికి అడ్డం పడింది.

నూట పదిహేడు రోజులు ఎక్కువ. ఈ అవకాశం పోతే ఇంకో అవకాశం లేదు. సరోజిని తెల్ల వరసలు లెక్కపెట్టింది. నూట పదహారు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టినా నూట పదహారే. ప్రకటన వచ్చాక కుట్టిన వరసలు చెల్లవని కాగితంలోనే రాసి ఉంది. ఆ కాగితం రాసినవాడు మనుషుల్ని బాగా చదివినవాడే.

శుక్రవారం పొద్దున బొంతని దుప్పట్లో చుట్టుకుని, ఎనిమిదింటి పాసింజరు ఎక్కింది. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఎన్ని రోజులమ్మా?" అని అడిగాడు.

"నూట పదిహేడండి."

"ఫర్వాలేదు. మా బావమరిదికి రెండేళ్లు విప్పారు. పెళ్లాన్ని చూసి ఎవరని అడిగాడు."

తెనాలిలో వయసు లెక్కలు సరిచేసే ఆఫీసులో బంట్రోతు యలమంద బొంత చూడగానే, "విప్పేది మూడో గదిలోనమ్మా" అన్నాడు. గదిలో గుమాస్తా చలపతిరావు, పోలీసు ఉద్యోగానికి వచ్చిన ఒక మీసాలాయనతో విసుక్కుంటున్నాడు.

"ఎవరు కుట్టిన రోజులు వాళ్లవేనయ్యా. మీ నాయనమ్మ బొంత తెస్తే నీ వయసెలా తగ్గుద్ది? ఆవిడ వయసు తగ్గి పింఛను ఆగిపోద్ది. తీసుకుపో." తర్వాత సరోజిని వైపు తిరిగాడు. "రామ్మా. ఒక్కో వరస లాగు. నేను గీతలు గీసుకుంటా."

సరోజిని కత్తెరతో ముడి కోసి మొదటి తెల్ల వరస లాగింది. గదిలో చీపురు చప్పుడు వినపడింది. రైలు కూత, గిన్నె మీద మూత, కాకి, సూది గుడ్డలోంచి దిగే చప్పుడు, ఒక కంచం కడిగిన చప్పుడు. చలపతిరావు గీత గీశాడు. రెండో వరసలోనూ చీపురు, కూత, మూత, కాకి, సూది, ఒక కంచం. మూడోదీ అంతే.

మొదట్లో గుమాస్తాలు తమ పని తాము చేసుకున్నారు. పదిహేను వరసలయ్యేసరికి కొందరికి విసుగొచ్చింది. ముప్పై అయ్యేసరికి కిటికీ పక్కన టైపు చేస్తున్న వసుంధర చేతులు ఆపేసింది.

"ఇన్ని రోజుల్లో ఈ అమ్మాయితో ఒక్క మనిషీ మాట్లాడలేదేంటండి?" అంది మెల్లగా.

అరవై రెండో వరసలో ఒక గొంతు వినపడింది. పాత ఇనుము కొంటామని సందులో అరుచుకుంటూ పోయేవాడిది. "లేవయ్యా" అని సరోజిని గొంతు జవాబిచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత ఇరవై ఐదు వరసల్లో మళ్లీ ఏ మాటా లేదు.

ఎనభై ఎనిమిదో వరసలో మధ్యాహ్నం పూట సరోజిని గొంతు కాస్త పెద్దగా, వాళ్లమ్మ పిలిచినట్టు పిలిచింది. "సరోజినీ, అన్నం తిన్నావా?" కాసేపటికి అదే గొంతు, "తిన్నానమ్మా" అంది.

వసుంధర లేచి వరండాలోకి వెళ్లిపోయింది. యలమంద తలుపు దగ్గర నిలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ గదిలో ఏ బాధా లేనిది సరోజిని ఒక్కదానికే. వరస లాగిన కొద్దీ ఆమెకి తేలిగ్గా ఉంది. అమ్మ పోయాక తనేం చేసిందో గుర్తు రావడం లేదు, గుర్తు లేనందుకు దిగులూ లేదు.

"ఏంటండి, అందరూ అలా ఉన్నారు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. కానియ్యి" అన్నాడు చలపతిరావు. కూజా దగ్గరికి జరిపి, "మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు.

నూట పదహారు గీతలు పడ్డాయి. తెల్లదారమంతా కాళ్ల దగ్గర కుప్పగా ఉంది. ఇక ఎర్రదారం మిగిలింది. సరోజిని వంకర వరస వెతికి పట్టుకుంది, కానీ లాగలేకపోయింది. ఆ రోజు పోతే తను అన్న మాట పోతుంది. కానీ ఆ రోజు అమ్మ కూడా ఉంది. మిగిలినవన్నీ నవ్వుకున్న రోజులు, వాటిని వదులుకోవడం అంతకంటే కష్టం. ఏ పేజీ చింపినా అమ్మ పేజీయే.

"ఇది మా అమ్మ ఉన్న రోజండి."

"పోనీ ఇంకోటి చూసుకోమ్మా."

"లేదండి. ఇదే." కళ్లు మూసుకుని లాగింది.

గదంతా ఆ అరుపు విన్నది. నీ వల్లే నా బతుకు ఇలా తెల్లారింది! సూది గచ్చు మీద పడింది. మంచం కిర్రుమంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎవరో చాప మీదికి మెల్లగా జరిగారు. గుడ్డ చుట్ట విప్పుతున్నట్టు, కళ్లజోడు పెట్టె తెరిచినట్టు, ఆగి ఆగి సూది దింపుతున్నట్టు చప్పుళ్లు వచ్చాయి. చీరకొంగు అడ్డం పెట్టుకుని దగ్గిన ఒక దగ్గు. పడుకున్న మనిషికి నిద్ర పట్టినట్టు ఊపిరి. అంతటితో ఆ రోజు అయిపోయింది.

చలపతిరావు నూట పదిహేడో గీత గీసి, కాగితం మీద ముద్ర కొట్టాడు. సరోజిని ఎర్రదారం ముక్క వేలికి చుట్టుకుంటూ అతని ముఖంలోకి చూసింది.

"ఇందులో ఏముందండి? మా అమ్మ ఏమైనా అందా?"

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్న అతన్ని చాలామంది అడిగారు. వచ్చిన అబద్ధమల్లా చెప్పేవాడు.

"ఆవిడ ఒక్క మాటా అనలేదమ్మా" అన్నాడు. నిజమే చెప్పాడు. "బొంత రెండో కొస ఎప్పుడైనా విప్పి చూశావా?"

"లేదండి. అటు వైపు ఇంకా కుట్టనే లేదు."

"తీరిగ్గా ఇంటికెళ్లి చూసుకో. అక్కడ ఏదైనా కనపడితే, అది మాత్రం ఎవరడిగినా విప్పకు."

జులైలో ఉద్యోగం వచ్చింది. బాపట్ల దగ్గర ఒక చిన్న ఊళ్లో బడి. అద్దె గదిలో ట్రంకుపెట్టె, పొయ్యి, బొంత దించుకుంది. అక్కడా ఒక్కతే. మొదటి శనివారం ఒంటిపూట బడి. అన్నం తిని, బొంత పరిచి, రెండో కొసకి కట్టిన తాడు విప్పింది.

అంచు లోపల ఒకే ఒక్క వరస ఉంది. నీలం ఊలుతో కుట్టింది. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బొంతని ఊలుతో కుట్టే మనిషి ఈ లోకంలో ఒక్కతే. సరోజిని ఆ కుట్ల మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఏడుపు ఆగాక మెల్లగా వంగి చెవి ఆనించింది.

అటు వైపు మధ్యాహ్నం. అమ్మ సూది ఆగి ఆగి దిగుతోంది. దగ్గరలోనే ఎవరో గాఢంగా నిద్రపోతున్న ఊపిరి వినపడుతోంది. అది తన ఊపిరేనని సరోజిని కాసేపటికి గుర్తుపట్టింది. తర్వాత గుమ్మంలో లక్ష్మమ్మ గొంతు వినపడింది.

"ఏంటి వదినా, ఇందాక ఏవో అరుపులు వినపడ్డాయి?"

"అరుపులేం లేవే. మెల్లగా మాట్లాడు, అమ్మాయి పడుకుంది."

ఏ అరుపుల సంగతో సరోజినికి తెలియలేదు. చెవి తియ్యకుండా అలాగే పడుకుంది. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం ఆమెకి నిద్ర పట్టింది.