మరిది కారు హెడ్డు

ఒళ్లు వేడెక్కిన దేనికైనా సక్కుబాయికి తెలిసిన మందు ఒకటే, చన్నీళ్లు. ఎండలో తిరిగొచ్చిన బర్రె రొప్పుతుంటే ముందు నెత్తిన, తర్వాత వీపున గుమ్మరించాలి. అప్పుడు గానీ అది పాలు చేపదు. ఆ పొద్దున జల్‌పల్లిలోని ఆమె కొట్టం నుంచి పాలక్యాన్లతో వచ్చిన కారు, శాలిబండ ఎత్తు ఎక్కి, ఆమె ఇంటి ముందు ఆగి పొగలు కక్కింది. డ్రైవరు బాలనర్సింహ బానెట్టు తెరిచి పెట్టి చాయ్‌కి పోయాడు. సక్కుబాయి బావిలోంచి బకెట్టెడు నీళ్లు చేది ఇంజను నెత్తిన కుమ్మరించింది.

టప్పుమని చప్పుడైంది. బర్రె అయితే తల విదిలించేది.

మధ్యాహ్నం మిస్త్రీ రాజన్న వచ్చి, ఇంజనులోంచి నూనె పుల్ల తీసి ఆమె ముందు పట్టాడు.

"ఇదేంది, మజ్జిగ లెక్కుంది?" అంది సక్కుబాయి.

"నూనెల నీళ్లు కలిసినయక్కా. ఇంజను మీది మూత, హెడ్డు పలిగింది. కాలుతున్న ఇనుము మీద నీళ్లెవరు పోసిన్రు?"

బాలనర్సింహ నేల చూపులు చూశాడు.

"నేనే పోసిన," అంది సక్కుబాయి.

"బర్రె అనుకున్నవా ఏంది?"

"బర్రె అయితే బతికేది. అతుకు వెయ్యరాదా?"

"పోత ఇనుము, అతుకు నిలువది. కొత్తది తెద్దామంటే జర్మనీ బండాయె. ఈ లడాయిల అక్కడికెల్లి సామానెట్లొస్తది?"

యుద్ధం వల్లే ఆ కారు ఆమెకు దక్కింది. సామాను రాదని భయపడి ఒక నవాబు దేవిడీ వాళ్లు వదిలించుకుంటుంటే, ఉన్న ఎడ్లబండ్లు అమ్మి కొన్నది. బస్తీ అంతా నవ్వింది. నవ్వనీ అనుకుంది. పాలకు చిక్కదనం ఒక్కటే విలువ కాదు, చేరే వేళ కూడా విలువే. ఎడ్లబండిలో వస్తే తెల్లవారి ఎండ తగులుతుంది, ఒక్క క్యాను విరిగినా నెల రోజుల మంచి పేరు విరుగుతుంది. పెట్రోలుకు కూపన్లు కావాలి గానీ, ఈ బండి తాగే డీజిల్ లారీల వాళ్ల దగ్గర ఎట్లాగో దొరికేది. కారు వచ్చాక అఫ్జల్‌గంజ్ హోటళ్లకూ నయాపూల్ చాయ్ దుకాణాలకూ ఆమె పాలే మొదటి పాలు.

ఇప్పుడు అఫ్జల్‌గంజ్ పెద్ద హోటలు ఇరానీ సేటు కబురు పంపాడు. శుక్రవారం జుమ్మా దాకా చూస్తాడట. ఆ తర్వాత వేరే పాలు చూసుకుంటాడట. ఆ హోటలు పోతే మిగతావీ దాని వెనకే పోతాయి.

"గసొంటి కారే ఇంకోటున్నది గదక్కా," అన్నాడు రాజన్న మెల్లగా. "గదే దేవిడీది. ఇరుసు ఇరిగి మూలకు పడ్డది గని, హెడ్డు సాఫుగుంది."

అది ఎవరి దగ్గరుందో ఆమెకు తెలుసు. దుర్గయ్య ఆమెకు సొంత మరిది. భర్త పోయాక పంపకాల్లో మంచి బర్రెలు అతనికి పోయాయి, గిరాకీ ఆమెకు వచ్చింది. ఎవరికి వాళ్లు మోసపోయామనుకుని మాటలు మానేశారు. ఆమె కారు కొన్నదని తెలిసి, పంతానికి దాని జోడీని అతను కొన్నాడు.

మరునాడు ఆమె జల్‌పల్లి పోయేసరికి దుర్గయ్య కొట్టం ముందు కోవా బాణలి కలబెడుతున్నాడు. వెనక కారు టాపు మీద కోళ్లు కూర్చున్నాయి.

"రా వదినె," అన్నాడు లేవకుండా. "పాలల్ల నీళ్లు కలుపుతరని విన్న గని, నూనెల కలిపేటోళ్లను ఇప్పుడే సూస్తున్న."

"నవ్వుకో. హెడ్డుకు వెల చెప్పు."

"అమ్మను."

"మరి?"

"తీస్కపో. ఊకెనే."

వెల ఉంటేనే సక్కుబాయికి తేలిక. ఎంత పెద్ద ధర చెప్పినా బేరమాడేది, ఇచ్చేది, మరిచిపోయేది. ఊరికే తెచ్చుకున్నదానికి ముగింపు ఉండదు. ప్రతి పెళ్లిలో, ప్రతి పంక్తిలో, మా వదినె బండి నా హెడ్డు మీద నడుస్తుందని వినాల్సిందే.

"ఊకెనే వచ్చేది మస్తు పిరమైతది దుర్గయ్యా."

"గందుకే ఇస్తున్న," అని నవ్వాడు.

ఆమె బాణలిలోకి చూసింది. భర్త ఏరి తెచ్చిన బర్రెల పాలు అవి. వాటి వాసన ఆమెకు తెలుసు. చాయ్‌లో పోస్తే మీగడ కట్టే పాలు, బస్తీకి చేరే దారి లేక కోవా అవుతున్నాయి. కోవాకు కట్టెల ఖర్చు, చేతుల నొప్పి, చివరికి చవక బేరం. అయినా అతను అడగడు. ఇస్తాడు గానీ అడగడు. తను కొంటుంది గానీ ఊరికే పుచ్చుకోదు. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

"నీ పాలు నా బండిల ఎక్కియ్యి," అంది.

గరిటె ఆగింది. "నీ హోటలోళ్లకా?"

"నా హోటలోళ్లకే. నీ పాల పైసలు నీయే."

"బండి నిండ నీ క్యాన్లేనాయె. నావి యాడ పడతయ్?"

"నావి కొన్ని దించుత."

"దించుతవా?"

"నీ హెడ్డు నా బండిని నడిపినన్ని దినాలు."

కోవా అడుగంటిన వాసన వచ్చాక అతను బాణలి దించి కారు వైపు నడిచాడు.

హెడ్డును గోనెలో చుట్టి కిరాయి ఎడ్లబండి మీద తెచ్చారు. దారి పొడుగునా దుర్గయ్య దాని మీద చెయ్యి వేసే కూర్చున్నాడు. రాజన్న ఇంజనులోంచి తెల్లబడ్డ నూనె తీసేసి, పాత హెడ్డు ఊడదీసి, కింది ముఖం గీకి తుడిచి, రాగి రేకు పరిచి హెడ్డు కూర్చోబెట్టాడు. నట్లు నడుమ నుంచి మొదలుపెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తున్నాడు.

"ఒక పక్కకెల్లి పట్టుకరారాదు, జల్ది అయితది," అన్నాడు దుర్గయ్య.

"ఒక పక్కనే గుంజితే రెండో పక్క లేస్తదన్నా. మళ్ల ఫికరే."

సక్కుబాయి పాత హెడ్డు మీద వెంట్రుకలా ఉన్న పగులును గోటితో గీరుతూ కూర్చుంది. పంపకాల నాడు గిరాకీలో కొంత అతనికి వదిలి ఉంటే, తనకెంత పోయేది? అప్పుడు ఆ లెక్క వెయ్యలేదు.

జుమ్మా నాడు చీకటితోనే కారు జల్‌పల్లిలో బయలుదేరబోయింది. దింపేసిన సక్కుబాయి క్యాన్లను చూసి బాలనర్సింహ నసిగాడు.

"ఇవేం జేద్దామక్కా?"

"నిన్న మిగిలినయి తోడువెట్టిన. ఇవి గూడ తోడువెట్టమని చెప్పు."

ఆమె లెక్క ఆమెకుంది. బండి ఆగితే మొత్తం పోతుంది, నడిస్తే కొంత మిగులుతుంది. ఆ మిగిలేది కూడా కరుగుతుందని ఆమెకు తెలుసు. దుర్గయ్య పాలు ఒకసారి రుచి చూసినవాళ్లు తన పాలను మళ్లీ అదే ఇష్టంతో అడగరు.

హోటల్లో సేటు దుర్గయ్య క్యాను పాలతోనే మొదటి చాయ్ కాచాడు. ఒక గుక్క తాగి సాసరు కింద పెట్టాడు.

"యే దూధ్ కిస్కా హై, అమ్మా?"

దుర్గయ్య బయట కారు ముందు సీట్లోంచి వింటున్నాడు. సక్కుబాయి నావే అంటే సరిపోయేది. సేటుకు పాలు పోసేది ఆమె ఒక్కతే.

"మా మర్దియి," అంది సక్కుబాయి.

"రేపటికెల్లి ఇవి ఎక్కువ తే."

"తెస్త. నా పెరుగు గూడ తీస్కో."

"నువ్వు పెరుగెప్పుడమ్మినవ్?"

"ఇయ్యాల్టికెల్లే," అని ఆమె బండి వెనక నుంచి మూత కట్టిన కుండ దించి సేటు ముందు పెట్టింది.